మనల్ని రాయించుకున్న దొర కట్టించుకున్న మేడ

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప వేరే ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. ఆ పక్క ఫ్యాను కొంచెం తగ్గించగలరా బాబూ? మైకులో నా గొంతు కంటే దాని గొంతే ఎక్కువ వినిపిస్తోంది. ఆ... చాలు, చాలు. మరీ ఆపెయ్యకండి, ఇది కడప, మే నెల.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఇక్కడ కాలేజీ పిల్లలు చాలామంది ఉన్నారు. పెద్ద హీరో సినిమా రిలీజైతే మర్నాడు పొద్దున్నే ఫోన్లో ఏం చూస్తారు? కలెక్షన్లు. నైజాం ఇంత, ఉత్తరాంధ్ర ఇంత, సీడెడ్ ఇంత. అవునా? ఈ సీడెడ్ అంటే ఎవరు? మనమే కదా. మరి మనకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఎప్పుడైనా అనుకున్నారా? సీడెడ్ అంటే ఇంకొకరికి ఇచ్చేసినది అని. ఇచ్చేసినవాళ్ళు ఎవరు? పుచ్చుకున్నవాళ్ళు ఎవరు?

1800వ సంవత్సరం, అక్టోబరు 12. హైదరాబాదు నిజాం అలీ ఖాన్‌కీ ఈస్టిండియా కంపెనీకీ ఒక ఒప్పందం జరిగింది. టిప్పు సుల్తాన్ మీద జరిగిన రెండు యుద్ధాల్లో, అంటే 1792లో ఒకసారి, 1799లో ఒకసారి, నిజాం వాటాకి మైసూరు భూములు వచ్చాయి. బళ్ళారి, అనంతపురం, మన కడప, కర్నూలు జిల్లాలో చాలా భాగం. కర్నూలు ఊరు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉండింది, అది వేరే కథ. నిజాం తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నాడు. సైన్యానికి జీతాలు కట్టాలి కదా? నెల నెలా డబ్బు కట్టే బదులు, ఇదిగో ఈ జిల్లాలు మీరే ఉంచుకోండి, శిస్తు మీరే వసూలు చేసుకోండి అన్నాడు. మన తాతముత్తాతల్ని ఒక్క మాట అడగకుండా జీతం కింద జమ వేసేశాడు. అలా మనం దత్తమండలాలమయ్యాం. ఆ పేరు మన పెద్దలకి నచ్చలేదు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు పెట్టారు. సినిమావాళ్ళకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నాను? ఈ సాయంత్రం నేను ఒక మేడ గురించి మాట్లాడాలి. హైదరాబాదులో కోఠీ రెసిడెన్సీ. మీలో చాలామంది కోఠీ విమెన్స్ కాలేజీ అంటారు. 1800 ఒప్పందంలో కంపెనీ తరఫున కూర్చుని మన జిల్లాల్ని రాయించుకున్న మనిషి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, రెసిడెంటు. మూడేళ్ళు తిరక్కుండానే ఆయనే ఆ మేడ మొదలుపెట్టించాడు. అందుకే అది హైదరాబాదు వాళ్ళ బిల్డింగే అయినా, దాని గురించి మాట్లాడే హక్కు కడపలో మనకీ కొంచెం ఉందనుకుంటాను.

ఇక మేడ దగ్గరికి వెళ్దాం.

స్థలం ఎలా వచ్చిందో ఒక కథ చెప్తారు. రెసిడెన్సీకి ఇంకొంచెం చోటు కావాలని కిర్క్‌పాట్రిక్ ఒక ఇంజనీరు చేత స్థలం మ్యాపు గీయించి నిజాంకి పంపాడట. చక్కగా, పెద్ద కాగితం మీద, చెట్టూ బావీ కనిపించేలా. నిజాం అది చూసి కుదరదు పొమ్మన్నాడు. దర్బారులో వాకబు చేస్తే సంగతి తెలిసింది. అంతకు ముందు తన రాజ్యం మొత్తం మ్యాపుని నిజాం చూసింది ఇంతకంటే చిన్న కాగితం మీద! ఈ దొర రాజ్యం కంటే పెద్ద జాగా అడుగుతున్నాడని భయపడ్డాడట. కిర్క్‌పాట్రిక్ అదే స్థలాన్ని ఒక చిన్న అట్టముక్క మీద గీయించి మళ్ళీ పంపాడు. వెంటనే సరేనన్నాడు. నిజమో కల్పనో గానీ, గ్రామం నక్ష, జిల్లా నక్ష పక్కపక్కన పెట్టుకుని తగాదా పడే రైతుల్ని ఇంజనీరుగా నా సర్వీసులో చాలామందిని చూశాను. కాబట్టి నాకు నమ్మబుద్ధవుతుంది.

ఇంకో సంగతి. స్థలమే కాదు, కట్టడానికి అయిన ఖర్చు కూడా నిజాం ఖజానాదే. అంటే కంపెనీ తన దర్జా తను చూపించుకోడానికి ఎదుటివాడి డబ్బుతో ఇల్లు కట్టించుకుంది. కొత్త అల్లుడు కూడా ఇంత గడుసుగా ఉండడు.

ప్లాను గీసింది మద్రాసు ఇంజనీర్లలో ఒక లెఫ్టినెంటు, శామ్యూల్ రసెల్. పని 1803 ప్రాంతంలో మొదలై 1806 నాటికి ఒక కొలిక్కి వచ్చింది. కట్టించుకున్న కిర్క్‌పాట్రిక్ మాత్రం 1805 అక్టోబరులో కలకత్తాలో పోయాడు. ఆ మేడలో దర్జాగా కాపురం చేసినవాళ్ళు ఆయన తర్వాత వచ్చిన రెసిడెంట్లు.

ఇప్పుడు నియోక్లాసికల్ అనే మాట. ఈ మేడ కట్టిన శైలి పేరు అది. భయపడకండి, పరీక్షకి రాదు. 1738లో ఒకటి, 1748లో ఒకటి, ఇటలీలో రెండు పాత ఊళ్ళ తవ్వకాలు మొదలయ్యాయి. హెర్క్యులేనియం, పాంపే. అగ్నిపర్వతం బూడిదలో కప్పబడిపోయిన రోమన్ ఊళ్ళు. ఇళ్ళు, గోడలు, స్తంభాలు ఉన్నవి ఉన్నట్టు బయటపడ్డాయి. దాంతో యూరప్ అంతా పాత గ్రీకు, రోమన్ కట్టడాల పిచ్చి పట్టుకుంది. ఇంగ్లీషువాళ్ళు అంతకు ముందే పల్లాడియో అనే ఇటలీ వాస్తుశిల్పిని నెత్తిన పెట్టుకున్నారు. ఆయన పదహారో శతాబ్దం వాడు. గుడి ముందు ఉండాల్సిన స్తంభాల మండపాన్ని తీసుకొచ్చి మామూలు ధనవంతుడి ఇంటి ముందు నిలబెట్టినవాడు. ఇది గుర్తుపెట్టుకోండి. గుడి ముఖం తెచ్చి ఇంటికి తగిలించడం. నియోక్లాసికల్ మేడ ఏది చూసినా అక్కడ జరిగింది అదే.

కంపెనీవాళ్ళకి అది బాగా పనికొచ్చింది. అప్పటిదాకా వాళ్ళు వ్యాపారులు. గిడ్డంగి, లెక్కల పుస్తకం, తక్కెడ. టిప్పు పోయాక వాళ్ళకి తాము రాజులమని తెలిసింది. రాజులమని జనానికి కూడా తెలియాలి కదా? గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కలకత్తాలో 1799లో మొదలుపెట్టి 1803కల్లా పెద్ద గవర్నమెంటు హౌస్ కట్టించాడు. మద్రాసులో 1802కల్లా విందుల హాలు లేచింది, అదే ఇప్పటి రాజాజీ హాలు. కట్టింది ఎవరో తెలుసా? గోల్డింగ్‌హామ్ అని, నక్షత్రాలు లెక్కపెట్టే ఖగోళ శాస్త్రజ్ఞుడు! మూడోది ఇది, మన కోఠీ మేడ. మూడూ నాలుగైదేళ్ళ తేడాలో లేచాయి. ఒకే ఏటి పైరు.

సరే, మేడ ముందు నిలబడదాం. కళ్ళు మూసుకోండి... వద్దులే, భోజనం చేసి వచ్చినవాళ్ళు నిద్రపోతారు.

ముందు వెడల్పైన మెట్లు. మెట్లకి అటొకటి ఇటొకటి రెండు పెద్ద సింహాలు. పైకెక్కితే పోర్టికో. మనం ఇంట్లో కారు పెట్టుకునే చోటుని పోర్టికో అంటాం కదా, మాట అదే, సైజులోనే తేడా. ఆరు స్తంభాలు. నేల దగ్గర మొదలై ఎక్కడా ఆగకుండా రెండు అంతస్తుల ఎత్తూ ఒక్క ఊపున లేస్తాయి. వాటి మీద అడ్డ దూలం. దాని మీద ముక్కోణపు నుదురు, అందులో కంపెనీ వాళ్ళ రాజచిహ్నం. మధ్యలో ద్వారం. ద్వారానికి ఎడమ పక్క ఏముంటే కుడి పక్క అదే. ఒక కిటికీ అటుంటే ఒక కిటికీ ఇటు. మధ్యలో గీత గీసి కాగితం మడిచినట్టు మడిస్తే రెండు సగాలూ అతుక్కుపోతాయి.

ఆ స్తంభాల తలలు చూడండి. ఆకులు విచ్చుకున్నట్టు ఉంటాయి. దీన్ని కొరింథియన్ అంటారు. గ్రీకు స్తంభాల్లో మూడు రకాలున్నాయి. డోరిక్ అంటే పహిల్వాను, పొట్టిగా లావుగా, తల మీద ఒట్టి పలక. అయోనిక్ అంటే తల మీద రెండు పక్కలా పొట్టేలు కొమ్ముల్లాగా సుడులు. కొరింథియన్ అంటే ఆకులు. ఆ ఆకులు ఎలా వచ్చాయో విత్రూవియస్ అనే రోమన్ ఇంజనీరు రెండు వేల ఏళ్ళ కిందట ఒక కథ చెప్పాడు. కొరింత్ ఊళ్ళో పెళ్ళీడు పిల్ల ఒకతి జబ్బు చేసి చచ్చిపోయింది. ఆ పిల్లని పెంచిన దాది, పిల్లకి ఇష్టమైన గిన్నెలూ సామాన్లూ ఒక బుట్టలో పెట్టి సమాధి మీద ఉంచింది. ఎండకీ వానకీ పాడవకుండా పైన ఒక పెంకు కప్పింది. బుట్ట కింద అకాంథస్ మొక్క వేరు ఉంది. వసంతం వచ్చేసరికి అది చిగిర్చి, ఆకులు బుట్ట చుట్టూ పైకి పాకి, పెంకు అంచు తగిలి కిందికి వంపు తిరిగాయి. అటు పోతున్న కల్లిమాకస్ అనే శిల్పి చూసి, అదే రూపాన్ని స్తంభం తలకి పెట్టాడట. చూశారా? బుట్ట, దాని చుట్టూ ఆకులు, పైన పలక. ఇప్పుడు ఏ కొరింథియన్ స్తంభం చూసినా మీకు ఆ దాది బుట్ట కనిపిస్తుంది. అన్నట్టు, మన పెరట్లో దగ్గుకి వాడే అడ్డసరం కూడా ఆ అకాంథస్ కుటుంబం మొక్కే. కొరింత్‌లో కాకుండా కడపలో ఆ బుట్ట పెట్టి ఉంటే మనకీ ఒక స్తంభం పుట్టేదేమో.

ఇక్కడ మీరు ఒకటి అడగాలి. ఏమయ్యా, స్తంభాలు మాకు చెప్తావా? ఒంటిమిట్ట పక్కన పెట్టుకుని? లేపాక్షి ఉన్న సీమలో? అడగాలి. న్యాయమే.

ఒంటిమిట్ట కోదండరాముడి రంగమండపం చూడండి. ముప్పై రెండు స్తంభాలు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు చూసి మెచ్చుకుని పోయాడు. ఆ మండపంలో ఒక స్తంభం దగ్గర నిలబడి చూసి, పక్క స్తంభం దగ్గరికి పోతే అది వేరే. బొమ్మ వేరు, కథ వేరు. మన శిల్పికి ప్రతి స్తంభం ఒక కొత్త కాగితం. కోఠీ మేడలో ఆరు స్తంభాలూ అచ్చుగుద్దినట్టు ఒకటే. బొమ్మ లేదు, దేవుడు లేడు, కథ లేదు. మరి అందం ఎక్కడుంది? కొలతలో ఉంది. స్తంభం అడుగున అడ్డంగా ఎంత ఉందో అది ఒక కొలత. ఎత్తు దానికి ఇన్ని రెట్లు ఉండాలి. డోరిక్‌కి ఏడో ఎనిమిదో రెట్లు, కొరింథియన్‌కి సుమారు పది. రెండు స్తంభాల మధ్య ఎడం కూడా అదే కొలతలో. మేడ ఎంత పెద్దదైనా ఆ ఒక్క కొలత నుంచే పుట్టాలి. ఇది మనకి కొత్తా? మన స్థపతి విగ్రహం చెక్కేటప్పుడు ముఖం పొడుగుని తాళం అంటాడు, నవతాళం అంటే విగ్రహం తొమ్మిది ముఖాల ఎత్తు అని. లెక్క ఒకటే. వాళ్ళు లెక్కని బయట పెట్టి ఊరుకున్నారు. మనవాళ్ళు లెక్కని లోపల దాచి పైన యాళీలనీ, నాట్యగత్తెలనీ నిలబెట్టారు. ఏది గొప్ప అని నన్ను అడగొద్దు. నేను ఒంటిమిట్ట పక్క ఊరివాణ్ణి, నా ఓటు మీకు తెలుసు.

ఇప్పుడు నా అసలు సంగతికి వస్తాను. ఇప్పటిదాకా చెప్పింది ముఖం. ముఖం గ్రీకుది. మరి ఒళ్ళు?

1979లో నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్నాను. మా చిన్నాన్నకి హైదరాబాదులో ఉద్యోగం. సెలవులకి పోతే, చెల్లెలు కోఠీ కాలేజీలో చేరుతోంది, తోడు వెళ్ళమని చిన్నమ్మ పంపింది. ఫారాలూ సంతకాలూ అయ్యేసరికి మధ్యాహ్నం అయింది. ముందు మెట్ల మీద, సింహం నీడలో కూర్చుని చిన్నమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం తిన్నాం. తిన్నాక చెయ్యి కడుక్కోడానికని వెనక వైపుకి పోయాను. అక్కడ ఒక చిన్న స్తంభానికి కింద పూత ఊడిపోయి ఉంది. లోపల ఏముందనుకున్నారు? రాయి అనుకున్నా. ఇటుక! మన ఇంటి గోడలో ఉండే ఎర్ర ఇటుక. గుండ్రంగా పేర్చి, పైన అంగుళం మందాన సున్నం. నేను అంతసేపూ చలువరాయి అనుకుంటున్నానే! వేలితో తడిమితే నున్నగా, చల్లగా, గుడ్డు పెంకులాగా ఉంది. ఇటుకని రాయి అని నమ్మించేశారు.

ఆ పూత సంగతి మన ముసలి మేస్త్రీలకి తెలుసు. గానుగ సున్నం అంటారు. సున్నపురాయి కాల్చి, నీళ్ళు పోసి విరిస్తే బుగబుగమని పొంగుతుంది. దాన్ని కొన్నాళ్ళు నానబెట్టాలి. ఆ తర్వాత ఇసక, ఇటుక పొడి కలిపి, గుండ్రటి కాలవలో రాతి చక్రం పెట్టి ఎద్దులతో తొక్కించాలి. బెల్లం నీళ్ళు, నానబెట్టిన కరక్కాయ రసం పోస్తారు. పై పూత ఇంకా సన్నం. మద్రాసు వైపు గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కూడా కలిపేవాళ్ళు. పూసి, రాతితో రుద్ది రుద్ది మెరుగు పెడితే అద్దంలాగా వస్తుంది. అంటే చూడండి, గ్రీకు దేవాలయం ముఖం పెట్టుకున్న ఆ మేడ ఒంటికి పూసుకున్నది మన వంటింటి సరుకు. ప్లాను రసెల్ దొరది. కట్టింది ఇక్కడి చేతులు. గ్రీసులో చలువరాయి కొండలున్నాయి. వీళ్ళకి ఇటుకా సున్నమూ ఉన్నాయి, వాటితోనే చలువరాయిని నటించారు.

సున్నం గురించి ఇంకో మాట చెప్పి ముందుకి పోతాను, ఎందుకంటే అక్కడ నా తప్పు ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత సర్కారు బంగళాకి రిపేరు పని నాకు అప్పజెప్పారు. ఊరు పేరు చెప్పను. సున్నపు గోడ అక్కడక్కడ పెచ్చులూడుతోంది. నేను కుర్రాణ్ణి, సిమెంటు చదువు చదివినవాణ్ణి. మొత్తం గట్టిగా సిమెంటు పూయించాను. పని చేసే ముసలి మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే అబ్బీ, సున్నం గోడ ఊపిరి పీలుస్తాది. దానికి సిమెంటు కప్పితే ఊపిరాడక చస్తాది" అన్నాడు. నేను వినలేదు. రెండు వానాకాలాలు తిరిగాయి. గోడలోని తేమ బయటికి పోలేక, ఉప్పు పొంగి, నా సిమెంటు పూత పళ్ళెం పళ్ళెంగా ఊడి పడింది. దానితో పాటు లోపలి ఇటుక ముఖం కూడా ఊడొచ్చింది. ఆయన చెప్పింది సైన్సు. సున్నంలో తేమ వచ్చినట్టే పోతుంది. సిమెంటులో దారి ఉండదు. కోఠీ మేడని ఈ మధ్య బాగు చేసినప్పుడు సున్నం పనికి అంత పట్టు పట్టారంటే కారణం ఇదే. ఆ ముసలాయన ఇప్పుడు లేడు. ఉంటే ఈ కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టేవాణ్ణి.

ఒంటిలో ఇంకో భాగం ఎండ. ఇంగ్లండులో ఎండ కోసం ఎదురు చూస్తారు, ఇక్కడ ఎండ నుంచి పారిపోతాం. కోఠీ మేడలో పెద్ద పోర్టికో ఉత్తరం వైపు చూస్తుంది. మూసీ నది, నిజాం పాతబస్తీ దక్షిణాన ఉన్నాయి. మన అక్షాంశంలో ఏడాదిలో ఎక్కువ భాగం సూర్యుడు దక్షిణం మీదుగానే పోతాడు. కాబట్టి ఉత్తరపు పోర్టికోలో నీడ ఎక్కువ. అందుకే అలా పెట్టారో, వేరే కారణం ఉందో గానీ, మధ్యాహ్నం పూట అక్కడ చిత్రాన్నం తిన్నవాడిగా చెప్తున్నా, హాయిగా ఉంటుంది. మన ఇళ్ళలో ఈ పని ఎవరు చేస్తారు? మిద్దెకి గవాక్షి పెడతాం, వేడి గాలి పైకి పోతుంది. వాళ్ళు కప్పుని అంత ఎత్తుకి లేపారు. లోపల దర్బారు హాలు రెండంతస్తుల ఎత్తు. వేడి పైన ఉంటుంది, దొర కింద ఉంటాడు.

ఇక్కడ ఒక పుకారు కూడా తీర్చేస్తాను. ఈ మేడ అమెరికా వైట్‌హౌస్ లాగా ఉంటుందని చాలామంది అంటారు, కొందరు దాన్ని చూసి దీన్ని కట్టారని కూడా అంటారు. పోలిక ఉంది, కాదనను. రెండూ ఒకే కాలం పిల్లలు. కానీ వైట్‌హౌస్‌కి మనం టీవీలో చూసే స్తంభాల పోర్టికోలు మొదట లేవు. దక్షిణం వైపుది 1824లో, ఉత్తరం వైపుది 1830 నాటికి కట్టారు. పైగా వాటివి అయోనిక్ స్తంభాలు, సుడుల తలలు. కోఠీ స్తంభాలు అప్పటికే ఇరవై ఏళ్ళుగా నిలబడి ఉన్నాయి. కాబట్టి ఎవరైనా ఇది వైట్‌హౌస్‌కి కాపీ అంటే, తేదీలు చూసుకోమని చెప్పండి.

లోపలికి వెళ్తే దర్బారు హాలు, షాండ్లియర్లు, నిలువుటద్దాలు. దాని వెనక రెండుగా చీలి పైకెక్కే మెట్ల దారి. ఆ మెట్ల దగ్గర నిలబడితే, పై నుంచి ఒక మనిషి దిగివస్తుంటే ఎంత పెద్దవాడిలా కనిపిస్తాడో తెలుస్తుంది. అంతకంటే వర్ణించను, వెళ్ళి చూడండి.

నాకు వెనక భాగం ఎక్కువ ఇష్టం. ఎందుకంటే ముందు ముఖం ఎంత గ్రీకుదో, వెనక అంత హైదరాబాదీ. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదులో ఖైరున్నీసా అనే పెద్దింటి పిల్లని ఇస్లాం పద్ధతిలో పెళ్ళి చేసుకున్నాడు. హుక్కా పీల్చేవాడు, ఇక్కడి బట్టలు కట్టేవాడు, ఫార్సీ మాట్లాడేవాడు. ఆ పెళ్ళి మీద వెల్లెస్లీ ఎంక్వయిరీ కూడా వేశాడు. ఆమె కోసం తోటలో రంగమహల్ అని వేరే అంతఃపురం కట్టించాడు. చుట్టూ గోడ, లోపల ముంగిలి, ఫౌంటెన్లు. చూడండి విచిత్రం. వెల్లెస్లీకి కనపడే వైపు ఆరు గ్రీకు స్తంభాలు. భార్యాపిల్లలుండే వైపు మొఘల్ ఇల్లు. ఒకే మనిషి, ఒకే కాంపౌండు. తర్వాత వచ్చిన రెసిడెంట్లకి ఆ రంగమహల్ కంట్లో నలుసయింది. చాలా భాగం కూలగొట్టేశారు.

అక్కడే తోటలో ఒక చిన్న మేడ ఉంది. పెద్ద మేడకి నమూనా, పిల్లలు బొమ్మరిల్లు ఆడుకునే సైజు. ఖైరున్నీసా పరదాలో ఉండేది కాబట్టి ముందుకి వచ్చి మేడ ముఖం చూడలేదు, అందుకని ఆమె చూడ్డానికి భర్త దాన్ని చేయించాడని చెప్తారు. ప్లాను నమూనాయే అనేవాళ్ళూ ఉన్నారు, పిల్లల ఆటకని అనేవాళ్ళూ ఉన్నారు. ఆ ఇద్దరు పిల్లల్నీ 1805లో ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపేశారు. తల్లి మళ్ళీ వాళ్ళని చూడలేదు. 1813లో పోయింది.

1857 గురించి రెండు మాటలు. ఆ ఏడాది జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలనే పఠాన్ సిపాయిలు, నగర జనం ఈ రెసిడెన్సీ మీద పడ్డారు. రాత్రంతా కాల్పులు జరిగాయి, కంపెనీ ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత కాల్చి చంపి శవాన్ని వేలాడదీశారు. మౌల్వీని అండమాన్‌కి పంపారు. ఆ తర్వాత రెసిడెన్సీ గోడల్ని గట్టిపరిచి బురుజులు కట్టారు. గమనించారా? యాభై ఏళ్ళు స్తంభాలతోనే భయపెట్టగలమనుకున్నారు. ఆ రాత్రి తర్వాత బురుజులు కావలసి వచ్చాయి. కోఠీ బస్టాండు దగ్గర ఆ వీరుల స్మారక స్థూపం ఉంది. బస్సు కోసం నిలబడినప్పుడు తల తిప్పి చూడండి.

1947 తర్వాత రెసిడెంటు అనే ఉద్యోగమే లేదు. 1949లో మేడ ఆడపిల్లల కాలేజీ అయింది. ఇప్పుడు విశ్వవిద్యాలయం, చాకలి ఐలమ్మ గారి పేరు పెట్టారు. దొర దర్బారు చేసిన చోట, భూమి కోసం దొర మీద తిరగబడిన ఒక చాకలి తల్లి పేరు. మధ్యలో మేడ బాగా పాడయింది, కప్పులు కారాయి, చెట్లు మొలిచాయి. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్ళు ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చారు. బాగుచెయ్యడానికి అక్కణ్ణుంచి ఇరవై ఏళ్ళు పట్టింది. కట్టడానికి పట్టింది మాత్రం మూడేళ్ళే!

పనులయ్యాక నేనూ చెల్లెలూ కలిసి మళ్ళీ వెళ్ళాం. ఆమెకి ఇప్పుడు అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. మెట్లు సగం ఎక్కి కూర్చుంది. రెండు సింహాలనీ కాసేపు అటూ ఇటూ చూసి, "అన్నా, మనం ఆ రోజు చిత్రాన్నం తిన్నది ఈ సింహం కాడనా, ఆ సింహం కాడనా?" అని అడిగింది. నలభై ఏళ్ళు సివిల్ ఇంజనీరుగా పని చేశాను. రెండూ ఒకే మాదిరి చెక్కి, ఒకే ఎడంలో పెట్టారు. చెప్పలేకపోయాను.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. టీ వచ్చినట్టుంది.